హైదరాబాద్ – డల్లాస్: విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కేసుకోవడం ఎలా

శంషాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంత దూరమని వెతికితే ఒకచోట 14,400 అని, ఇంకోచోట 8,960 అని, మరోచోట 7,780 అని కనిపిస్తుంది. మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లు. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. పక్కన యూనిట్ రాయని అంకెను అసలు పట్టించుకోకండి.

గంటల దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. ఒకరు 16 గంటలంటారు, ఒకరు 20 అంటారు, ఇంకొకరు 24 అంటారు. ఒకరు పెద్ద విమానంలో కూర్చున్నంతసేపే చెబుతున్నారు, ఒకరు గాల్లో ఉన్న మొత్తం సమయం, మరొకరు మధ్యలో ఆగిన సమయం కూడా కలిపి. ఈ మూడింటినీ విడదీసి లెక్కేస్తే టికెట్ కొనేటప్పుడు ఏది మంచిదో మీకే తెలిసిపోతుంది. ఇక్కడ హైదరాబాద్–డల్లాస్ తీసుకున్నాం. ఊళ్లు మార్చి అంకెలు మార్చుకుంటే అట్లాంటాకైనా, మెల్‌బోర్న్‌కైనా ఇదే పద్ధతి.

ముందు దూరం

గోడమీది ప్రపంచ పటంలో స్కేలు పెట్టి గీత గీస్తే హైదరాబాద్ నుంచి అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా డల్లాస్ చేరుతుంది. ఆ గీత వెంట నిజంగా ఎగిరితే దాదాపు 17,670 కి.మీ. అవుతుంది. అసలు దగ్గరి దారి 14,420. గుండ్రని భూమిని చదునుగా పరిచినందుకు పటం మన నెత్తిన వేసే అదనం 3,250 కి.మీ.

దగ్గరి దారి కళ్లతో చూడాలంటే గ్లోబు, దారం చాలు. హైదరాబాద్ దగ్గర ఒక కొస పట్టుకుని, రెండో కొస డల్లాస్ దగ్గర బిగించి లాగండి. దారం పడమరకి పోదు, నేరుగా ఉత్తరానికి ఎక్కుతుంది. హిమాలయాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి 525 కి.మీ. దూరంలోంచి వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటర్ అంటే సుమారు 425 కి.మీ. దారం 34 సెం.మీ. వస్తుంది. 34ని 425తో గుణిస్తే 14,450. పిల్లల గ్లోబుతో ఇంత దగ్గరగా రావడం మంచిదే.

కచ్చితంగా కావాలంటే సైంటిఫిక్ కాలిక్యులేటర్ తీయండి. ఫోన్‌లో ఉన్నదే, అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ఆ మీటలన్నీ వస్తాయి. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు కావాలి. శంషాబాద్: ఉత్తరం 17.24°, తూర్పు 78.43°. డల్లాస్–ఫోర్ట్‌వర్త్: ఉత్తరం 32.90°, పశ్చిమం 97.04°. పశ్చిమానికి, దక్షిణానికి మైనస్ గుర్తు పెట్టాలి.

1. రేఖాంశాల తేడా: 78.43 − (−97.04) = 175.47°
2. సైన్ 17.24 × సైన్ 32.90 = 0.1610
3. కాస్ 17.24 × కాస్ 32.90 × కాస్ 175.47 = −0.7994
4. రెండూ కలిపితే −0.6384. దీనికి ఇన్వర్స్ కాస్ (cos⁻¹ మీట) తీస్తే 129.67°
5. భూమ్మీద ఒక డిగ్రీ 111.2 కి.మీ. కాబట్టి 129.67 × 111.2 = 14,419 కి.మీ.

తప్పులు దొర్లేది మూడుచోట్ల. కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాక రేడియన్లలో (కోణాలు కొలిచే ఇంకో యూనిట్) ఉంటే అర్థంలేని అంకె వస్తుంది. మొదలుపెట్టే ముందు సైన్ 30 కొట్టి చూడండి, 0.5 వస్తేనే డిగ్రీల్లో ఉన్నట్టు. రెండోది మైనస్ మరచిపోవడం. సమాధానం 2,550 కి.మీ. వచ్చిందంటే డల్లాస్‌ని పట్టుకెళ్లి టిబెట్ పీఠభూమి మీద పెట్టారన్నమాట. మూడోది చాలామందికి తట్టనిది: 17°14′ అంటే 17.14 కాదు. 14 నిమిషాలని 60తో భాగించాలి, అది 17.23 అవుతుంది. డిగ్రీలో పదో వంతు తప్పితే 11 కి.మీ. తేడా. విమానానికి అది లెక్కలోది కాదు గానీ, రెండు సైట్లు వేరువేరు అంకెలు చూపించడానికి ఇదొక కారణం. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉండటంతో మరో అర శాతం లోపు తేడా రావచ్చు.

హైదరాబాద్–డల్లాస్ జంటకి ఒక చక్కని వీలుంది. రేఖాంశాల తేడా 180కి చాలా దగ్గరగా ఉంది, అంటే రెండూ భూగోళానికి దాదాపు చెరో వైపు ఉన్నాయి. అలాంటప్పుడు సైన్‌లు, కాస్‌లు అక్కర్లేదు. 180 లోంచి రెండు అక్షాంశాలూ తీసేయండి: 180 − 17.24 − 32.90 = 129.86. దాన్ని 111.2తో గుణిస్తే 14,440. కాగితం ముక్క మీద వేసిన ఈ లెక్కకీ పై లెక్కకీ తేడా 20 కి.మీ. మాత్రమే.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక చోట వేలు నొక్కిపట్టి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకున్నా ఇదే దూరం వస్తుంది. ఎయిర్‌పోర్టు మీదే వేలు పెట్టండి. డల్లాస్‌లో లవ్ ఫీల్డ్ అని ఇంకో ఎయిర్‌పోర్టు ఉంది, మన అంతర్జాతీయ విమానాలు దిగేది అక్కడ కాదు.

మధ్యలో ఎక్కడ ఆగితే ఎంత పెరుగుతుంది

14,419 కి.మీ. ఆగకుండా ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కి.మీ. పైనే ఉన్న దూరాన్ని ఒక్క దమ్ములో ఎగురుతుంది. హైదరాబాద్ నుంచి షికాగోకి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నాన్‌స్టాప్ మొదలుపెట్టింది కూడా, తర్వాత ఆపేసింది. డల్లాస్‌కి మాత్రం ఎక్కడో ఒకచోట మారాల్సిందే. పైన వేసిన పద్ధతిలోనే రెండు ముక్కలూ విడిగా లెక్కేసి కలపాలి:

దోహా మీదుగా: 2,913 + 12,744 = 15,657 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,546 + 12,919 = 15,465 కి.మీ.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,116 + 8,258 = 15,374 కి.మీ.
లండన్ మీదుగా: 7,753 + 7,627 = 15,380 కి.మీ.

గల్ఫ్ దగ్గర కదా అని, యూరప్ అంటే చుట్టు తిరుగుడు కదా అని చాలామంది అనుకుంటారు. నాలుగు దారుల మధ్యా తేడా 300 కి.మీ. కూడా లేదు, విమానానికి అది ఇరవై నిమిషాల పని. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. ఎంచుకోవాల్సింది మధ్యలో ఎంతసేపు ఆగుతారన్నది, ఒక ముక్క ఎంత పొడవుందన్నది చూసి. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ దారుల్లో రెండు ముక్కలూ సుమారుగా సమానం; మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది మేలు. గల్ఫ్ దారిలో మొదటిది చిన్నది, రెండోది 16 గంటలు. ఒకసారి పడుకుంటే మళ్లీ లేవక్కర్లేదనుకునేవాళ్లకి అది బాగుంటుంది. మధ్యలో దిగే దేశం అడిగే ట్రాన్సిట్ వీసా నియమాలు మాత్రం దేశాన్ని బట్టి, పాస్‌పోర్టులో ఉన్న వీసాని బట్టి మారతాయి. టికెట్ కొనే ముందే ఆ దేశపు అధికారిక సైట్‌లో చూసుకోవాలి, కొన్నాక కాదు.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

పెద్ద విమానాలు 35–40 వేల అడుగుల ఎత్తులో ధ్వని వేగంలో 0.85 వంతున, అంటే గంటకి సుమారు 900 కి.మీ. ఎగురుతాయి. 12,744ని 900తో భాగిస్తే 14 గంటల 10 నిమిషాలు. కానీ దోహా–డల్లాస్ టికెట్ మీద 16 గంటలుంటుంది. ఆ రెండు గంటలు ఎక్కడికి పోయాయో చూద్దాం.

విమానం దారపు గీత మీదే పోదు. నిర్ణీత మార్గాలు, మూసి ఉన్న గగనతలాలు, తుపానులు తప్పించుకుంటూ పోతే దూరం మామూలు రోజుల్లో 3 శాతం దాకా పెరుగుతుందని వేసుకోండి. 12,744 కాస్తా 13,100 అయింది.

రెండోది గాలి, అసలు సంగతి ఇదే. ఆ ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతుంటుంది. చలికాలంలో గంటకి 150–200 కి.మీ. వేగం మామూలే. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. దారి పొడవునా అంత బలంగా ఉండదు కాబట్టి సగటున వెళ్లేటప్పుడు 860, వచ్చేటప్పుడు 950 వేసుకుంటే సరిపోతుంది. యూరప్ నుంచి అట్లాంటిక్ దాటే ముక్కకి 830 వేయండి, అక్కడ ఎదురుగాలి ఎక్కువ.

మూడోది నేలమీద కదలిక. టికెట్ మీది సమయం గేటు దగ్గర కదలడం నుంచి అవతలి గేటు దగ్గర ఆగడం దాకా. రన్‌వే వరకూ పాకడం, ఎక్కడం, దిగడం, మళ్లీ పాకడం అన్నీ కలిపి 40–45 నిమిషాలు కలపాలి.

దోహా నుంచి డల్లాస్: 13,100 ÷ 860 = 15.2 గంటలు, 45 నిమిషాలు కలిపితే దాదాపు 16 గంటలు.
డల్లాస్ నుంచి దోహా: 13,100 ÷ 950 = 13.8 గంటలు, 40 నిమిషాలు కలిపితే 14న్నర.
హైదరాబాద్ నుంచి దోహా: చిన్న ముక్క కాబట్టి సగటు వేగం తక్కువ, 3,000 ÷ 830 = 3.6 గంటలు, 40 నిమిషాలు కలిపితే 4:15 దాటుతుంది.
ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డల్లాస్: 8,500 ÷ 830, పైన 45 నిమిషాలు. దాదాపు 11 గంటలు.

విమానం ఎక్కడుందో చూపించే యాప్‌లో ‘గాల్లో 15:20’ అని, టికెట్ మీద 16:05 అని ఉంటే కంగారు పడక్కర్లేదు. యాప్ చక్రాలు లేచినప్పటి నుంచి నేలని తాకే వరకూ లెక్కిస్తుంది. అదీగాక ఎయిర్‌లైన్స్ షెడ్యూల్లో కొంత వెసులుబాటు పెట్టుకుంటాయి. అరగంట ఆలస్యంగా కదిలిన విమానం సమయానికి చేరడం అందుకే.

దూరం పెరిగినా సమయం తగ్గొచ్చని చెప్పడానికి మంచి ఉదాహరణ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఆ విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. దారి 13,900 నుంచి 15,300 కి.మీ.కి పెరిగింది. గాలి వెనకనుంచి తోయడంతో ప్రయాణం 14న్నర గంటల్లో అయిపోయింది, మునుపటికన్నా రెండు గంటలు తక్కువ.

గగనతలం మూతపడితే దీనికి రివర్స్. 2019 ఫిబ్రవరి చివర పాకిస్తాన్ మూసేసినప్పుడు జూలై దాకా ఉత్తర భారతం నుంచి పడమరకి వెళ్లే విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగాయి. 2025 ఏప్రిల్‌లో మన ఎయిర్‌లైన్స్‌కి మళ్లీ మూసేశారు. 2022 నుంచి యూరప్, అమెరికా ఎయిర్‌లైన్స్‌కి రష్యా మీదుగా దారి లేదు. అందుకే ఒకే రెండు ఊళ్ల మధ్య రెండు ఎయిర్‌లైన్స్‌కి గంట తేడా కనిపిస్తే విమానం నెమ్మది అనుకోకండి, దారే వేరు. ఇలాంటి సమయాల్లో పైన 3 శాతం బదులు 8–10 శాతం వేసుకోవాలి. నిన్నటి విమానం నిజంగా ఎన్ని గంటలు ఎగిరిందో ట్రాకింగ్ యాప్‌లో చూడటం ఇంకా నమ్మకం.

గడియారం లెక్క

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. 12వ తేదీ తెల్లవారుజామున 3:40కి హైదరాబాద్‌లో ఎక్కి, అదే 12 సాయంత్రం 4:25కి డల్లాస్‌లో దిగుతున్నట్టుంటుంది. పన్నెండు ముప్పావు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. ఈ మాయ వదలాలంటే అన్నిటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చాలి. మన టైము యూటీసీకి 5:30 ముందు, దోహా 3 గంటలు ముందు, దుబాయ్ 4 గంటలు ముందు. డల్లాస్ ఎండాకాలంలో 5 గంటలు వెనక, చలికాలంలో 6 గంటలు వెనక.

ఉదాహరణకి అనుకున్న టైములతో ఒక వేసవి ప్రయాణం:

హైదరాబాద్‌లో బయల్దేరేది 12న 03:40. 5:30 తీసేస్తే యూటీసీ 11న 22:10.
దోహా చేరేది 05:35. 3 తీసేస్తే యూటీసీ 12న 02:35. ఎగిరింది 4:25.
దోహాలో బయల్దేరేది 08:15, అంటే యూటీసీ 05:15. ఆగింది 2:40.
డల్లాస్ చేరేది 16:25. 5 కలిపితే యూటీసీ 21:25. ఎగిరింది 16:10.

4:25, 2:40, 16:10 కలిపితే 23 గంటల 15 నిమిషాలు. సరిచూసుకోవడానికి ఇంకో దారి: టికెట్ మీద కనిపించే 12:45కి రెండు ఊళ్ల తేడా 10:30 కలపండి. 23:15. రెండూ కలవకపోతే ఎక్కడో తేదీ జారింది.

మందులు వేసుకునే పెద్దవాళ్లకి ఈ 23:15 చాలా ముఖ్యం. చేతి గడియారం దారిలో రెండుసార్లు మారుతుంది, ఒంటికి మాత్రం గడిచేది 23 గంటలే. ఇన్సులిన్ వాడేవాళ్లు మొత్తం గంటలు, భోజనం పెట్టే సమయాలు డాక్టర్‌కి చెప్పి, ఎప్పుడు ఎంతో ముందే రాయించుకోవాలి.

అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. డల్లాస్‌తో మన తేడా వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు. యూరప్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు మారుతుంది. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం యూరప్–అమెరికా తేడా మామూలుకన్నా గంట తక్కువ. నెలల ముందు కొన్న టికెట్‌లో ఈ రోజుల చుట్టుపక్కల టైము మారినట్టు మెయిల్ వస్తే, లేఓవర్ (మధ్యలో ఆగే సమయం) తగ్గిందేమో చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది తేదీ దగ్గర. 12వ తేదీ 03:40 అంటే ఇంట్లోంచి బయల్దేరాల్సింది 11 రాత్రి. 12 రాత్రి ఎయిర్‌పోర్టుకెళ్తే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజవుతుంది. గోడ క్యాలెండర్ మీద 12ని కాదు, 11ని చుట్టండి. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్లు రోడ్డుకి ఐదు గంటలు, కౌంటర్ దగ్గర మూడు గంటలు, మధ్యలో టీకి, టైరుకి ఒక గంట వేసుకుంటే 11న సాయంత్రం 6:40కల్లా గడప దాటాలి. చాలా ఎయిర్‌లైన్స్ కౌంటర్ని విమానానికి గంట ముందే మూసేస్తాయి.

లేఓవర్: ఎంత ఉంటే చాలు

2:40 అని ఉన్నా అంతా మీది కాదు. విమానం ఆగి మీరు బయటికి రావడానికి 20–25 నిమిషాలు. అవతలి గేటు బయల్దేరే టైముకి 20 నిమిషాల ముందే మూస్తారు. మధ్యలో సెక్యూరిటీ ఒకసారి, అమెరికా విమానానికి గేటు దగ్గర మరో తనిఖీ ఉండొచ్చు. మిగిలేది గంటా చిల్లర. ఒకే టికెట్ మీద రెండు నుంచి నాలుగు గంటలు మంచి లేఓవర్. గంటన్నర కన్నా తక్కువైతే, ఎయిర్‌లైన్స్ అమ్మినా సరే, పెద్దవాళ్లకి కొనకండి. వీల్‌చైర్ పెట్టుకున్నవాళ్లని అందరూ దిగాక దింపుతారు, ఇంకో 20 నిమిషాలు అక్కడే పోతాయి.

డల్లాస్‌కి న్యూయార్క్ లేదా షికాగోలో మారుతూ వెళ్తే లెక్క మారిపోతుంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, చెక్‌ఇన్ బ్యాగులు తీసుకోవడం, కస్టమ్స్, బ్యాగులు మళ్లీ అప్పగించడం, మళ్లీ సెక్యూరిటీ. దీనికి మూడు గంటలకి తగ్గకూడదు. అబుధాబీలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తిచేస్తారు. లేఓవర్ అక్కడ ఎక్కువ పెట్టుకోవాలి, అమెరికాలో దిగాక ఇక ఆ లైన్ ఉండదు.

చవకగా వస్తోందని రెండు ముక్కలూ వేరువేరు టికెట్లుగా కొంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని బాధ్యత ఎవరిదీ కాదు. ఇంకో మాట: ‘డైరెక్ట్’ అని రాసి ఉంటే నాన్‌స్టాప్ అనుకోవద్దు. ఒకే నంబరు మీద ఎక్కడో ఒకచోట దిగి మళ్లీ ఎగిరేదాన్నీ డైరెక్ట్ అంటారు.

తిరుగు ప్రయాణం

డల్లాస్‌లో 1వ తేదీ రాత్రి 7కి ఎక్కితే యూటీసీ 2వ తేదీ 00:00. 14:30 ఎగిరి దోహాలో సాయంత్రం 5:30కి దిగుతారు. రాత్రి 8కి బయల్దేరి నాలుగు గంటల్లో హైదరాబాద్: యూటీసీ 21:00, మన టైము 3వ తేదీ తెల్లవారుజామున 2:30. మొత్తం 21 గంటలే. వెళ్లేటప్పటికన్నా రెండుంబావు గంటలు తక్కువ, కానీ క్యాలెండర్‌లో రెండు రోజులు దాటుతుంది. టికెట్ మీద చేరే టైము పక్కన కనిపించే +2 అర్థం అదే. శంషాబాద్‌కి కారు మాట్లాడేటప్పుడు ‘3వ తేదీ తెల్లవారుజామున, అంటే 2 రాత్రి’ అని డ్రైవర్‌కి రెండు రకాలుగా చెప్పండి. డల్లాస్‌లో తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు విమానం చేరే టైముకి కాదు, ఇమిగ్రేషన్‌కీ బ్యాగులకీ గంటన్నర కలుపుకుని వస్తే పార్కింగ్ డబ్బు మిగులుతుంది.